మాట బాకి

గడచిన వేసవి సెలవులలో, పదవతరగతి పత్రములు దిద్దుట ముగిసి యింటికి వచ్చిన మరునాడు, పడమటి గదిలో ఏండ్లతరబడి గుడ్డ కప్పబడియున్న కంప్యూటరును తుడిచి తెరచితిని. చదువరులు నవ్వుదురు గాక. నలువదియైదేండ్లు నిండిన బడిపంతులు, రఘువంశమును వర్డ్సువర్తును చదివి పెద్దవాడైనవాడు, తలుపు వేసికొని వీడియో గేము ఆడుటకు కూర్చుండెననిన నవ్వు రాకుండుట యెట్లు? నా భార్యయు నవ్వినది. అయినను ఆ దినమున నా మనస్సులో పుట్టిన ప్రశ్న నవ్వుతో పోవునది కాలేదు. ఇచ్చిన మాటను కాలము తప్పిన తరువాత చెల్లించినచో, చెల్లినది ఆ మాటయేనా, లేక మరియొకటియా? ఇదియే ఆ ప్రశ్న. ఇంత పాత ప్రశ్నకు ఇంత క్రొత్త యాటవస్తువు నిదర్శనమగుట నాకును వింతగనే యున్నది.

ముందుగా ఆ యాట యెట్టిదో చెప్పవలెను. దాని పేరు నో మ్యాన్స్ స్కై. ఎవరిదియు కాని ఆకాశమని మనము చెప్పుకొనవచ్చును. ఇంగ్లండునందలి గిల్డుఫర్డు పట్టణములోని హలో గేమ్స్ అను చిన్న సంస్థ దానిని నిర్మించినది. ఆడువాడు ఎన్నడును చూడని యొక గ్రహముమీద, చెడిపోయిన యొక నౌకకు దాపున కన్ను తెరచును. అచ్చటి రాళ్ళనుండి లోహపుపొడి తీసి, చెట్లనుండి బొగ్గుసారము తీసి, నౌకను బాగుచేసికొని యెగిరిపోవలెను. ఒక సూర్యునినుండి మరియొక సూర్యునికి పోవచ్చును. తాను మొదట చూచిన గ్రహమునకు, మృగమునకు, పూమొక్కకు పేరు పెట్టవచ్చును; తరువాత వచ్చినవారికి ఆ పేరే కనబడును.

ఇందలి గ్రహముల సంఖ్య రెండు యొక్క 64వ ఘాతము, అనగా 1,84,46,74,40,73,70,95,51,616. చదరంగపు బల్లమీద మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టించుచు అరువదినాలుగు గడులును నింపుమని రాజును అడిగిన పండితుని కథ మన పిల్లలందరు నెరుగుదురు. ఆ గింజల మొత్తము ఈ సంఖ్యకు సరిగా ఒక్కటి తక్కువ. లెక్కల మాస్టరుకు ఈ సంగతి చెప్పగా ఆయన వారము దినములు తరగతిలో దానినే చెప్పెను. ఒక్కొక్క గ్రహమును ఒక్కొక్క సెకను మాత్రము చూచి విడిచినను 58,000 కోట్ల సంవత్సరములకు పైగా పట్టును. మన పురాణగణనమున 432 కోట్ల యేండ్లు ఒక కల్పము గనుక, నూటముప్పదికి మించిన కల్పములన్నమాట.

ఇన్ని గ్రహములను ఎవ్వరును చిత్రించి దాచియుంచలేదు. ఒక బీజసంఖ్యయు, దానిని పెంచు సూత్రములును ఉన్నవి, అంతియే. మనము సమీపించినప్పుడు గ్రహము గణింపబడి పుట్టును. విడిచిపోగానే లయించును. ఎన్నేండ్లకు మరలి వచ్చినను అదే బీజమునుండి అదే కొండ, అదే లోయ, అదే వాన పుట్టును. మర్రివిత్తులో మర్రిచెట్టు ఎక్కడనున్నదని ఉపనిషత్తులో తండ్రి కొడుకును అడిగిన ఘట్టము పిల్లలకు బోధపరచుటకు నాకు ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకలేదు.

ఇక ఈ యాటకును మాటకును గల సంబంధము. 2013 డిసెంబరులో దీనిని లోకమునకు తొలిసారి చూపిరి. అప్పటికి దీనిమీద పనిచేయువారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమంది. ఆ నెలలోనే వరదనీరు వారి కార్యాలయమున జొచ్చి యంత్రములను పాడుచేసెను. అయినను లోకము ఈ యాటనుగూర్చి కన్న కలలు పెరుగుచునే పోయినవి. సంస్థకు పెద్దయైన షాన్ మరే పత్రికలవారి ప్రశ్నలకు ఆశ పుట్టించు సమాధానములే చెప్పుచు వచ్చెను. ఒకరి నొకరు కలిసికొనవచ్చునా యని యడిగిన, కలిసికొనవచ్చును, అయితే అంత విశాలమైన లోకములో అది మిక్కిలి యరుదు అని చెప్పినట్లే యందరును గ్రహించిరి. 2016 ఆగష్టులో ఆట విక్రయమునకు వచ్చినది. వచ్చిన తొలి దినములలోనే ఇద్దరు ఆటగాండ్రు ఒకే గ్రహమున ఒకే తావునకు చేరిరి. ఒకరికొకరు కబురంపుకొనుచు, నేనిక్కడనున్నాను, నీవెక్కడ, అని వెదకికొనిరి. ఇద్దరును అచ్చటనే యున్నారు. ఇద్దరికిని ఆ చోటు నిర్జనముగనే యున్నది.

కొన్నవారిలో పలువురు దీనిని మోసమనిరి. ప్రకటనల మంచిచెడ్డలు విచారించు ఇంగ్లండు మండలి ఫిర్యాదును పరిశీలించి, ఆ సంవత్సరము నవంబరులో, ప్రకటన జనమును తప్పుద్రోవ పట్టించునది కాదని తీర్పు చెప్పినది. చట్టము విడిచినది, జనము విడువలేదు. సంస్థవారు కొన్ని నెలలు నోరు మెదపలేదు. క్షమింపుడని వేడుకొనలేదు, క్రొత్త మాట లియ్యలేదు. నవంబరు చివర ఇల్లు కట్టుకొను వసతితో మొదటి చేర్పును వెలువరించిరి. తరువాత ఒకటి, మరియొకటి. 2018 జులైలో వచ్చిన 'నెక్స్ట్' అను చేర్పుతో మనుష్యులు ఒకరికొకరు నిజముగా కనబడిరి. 2020లో 'ఆరిజిన్స్', 2024లో 'వరల్డ్స్', ఇట్లు ఎన్నియో. ఒకసారి కొన్నవానిని వీని కొరకు మరల ఒక్క పైస అడుగలేదు. ఏ యంగడిలో 2016నాడు కొన్నవారు దీనిని తిట్టి వ్రాసిరో ఆ యంగడిలోనే 2024 నాటికి మొత్తము అభిప్రాయము చాల మంచిదని తేలినది.

లోకము దీనిని ప్రాయశ్చిత్తకథగా చెప్పుకొనుచున్నది. నాకును ఇందు గౌరవము కలదు. ముఖ్యముగా వారి మౌనము నాకు నచ్చినది. తప్పు చేసినవాడు తప్పు దిద్దుకొందునని మరియొక మాట యిచ్చినచో బాకిమీద బాకి యగును. పని చేసి, చేసిన తరువాత చెప్పుట మేలు. కాని ఇంతటితో లెక్క సరిపోయినదని చెప్పుటకు నాకు నోరు రాదు. 2016 ఆగష్టులో చేయి చాచినవాడు ఒకడు కలడు. వాడు 2018లో ఆ యాటను మరచియుండవచ్చును. అప్పటికి వానికి కొలువు వచ్చియుండవచ్చును, బిడ్డ పుట్టియుండవచ్చును. తరువాత చెల్లించినదంతయు తరువాత వచ్చినవారి చేతిలో పడినది. నావంటివారి చేతిలోననుట సత్యము.

ఏలయన నే నీ యాటలోనికి వచ్చినది 2018 దసరా సెలవులలో. నా చెల్లెలిని చిత్తూరున ఇచ్చితిమి. దాని కుమారునికి అప్పుడు పదునొకండేండ్లు. ప్రతి సెలవులకును తిరుపతికి వచ్చి మా యింటనే యుండువాడు. మాకు సంతానము లేదు. వాని రాకతోనే మా యింటికి పండుగ. ఇద్దరము ఒకే కంప్యూటరు ముందు రెండు కుర్చీలు వేసికొని, ఒకే యాటను వంతులవారిగా ఆడుచుంటిమి. నౌక నడుపుట వానిది. రాళ్ళు త్రవ్వుట, మూటలు లెక్కపెట్టుట నాది. ఏడు గట్లు వరుసగా నిలిచిన యొక గ్రహము మాకు దొరికినది. వాడు కేక వేసి దానికి శేషాచలమని పేరు పెట్టెను. అచ్చట ఒక గట్టుమీద గుడిసె వేసి, దానిక్రింద కొండను తొలిచి గుహ చేసితిమి. వేడిగాలి వీచినప్పుడు ఆ గుహలో దాగికొనువారము.

ఆ యాటలో నక్షత్రమండలమునకు నడిబొడ్డు ఒకటి కలదు. ఎన్నో వందల గెంతులు గెంతినగాని అక్కడికి పోలేము. 2019 వేసవి చివర, బస్సెక్కబోవుచు, వాడు నా చేయి పట్టుకొని, "మామా, వచ్చే సెలవులకి ఇద్దరం నడిమికి పోదాం. నేను లేనప్పుడు నువ్వొక్కడే పోగాకు" అనెను. "పోనురా, నువ్వొచ్చినాకే" అని నేను మాట యిచ్చితిని.

వచ్చే సెలవులకు లోకమే తలుపులు వేసికొనెను. 2020, 2021 అట్లు పోయినవి. అది నా తప్పు కాదు. 2022 వేసవిలో వాడు వచ్చెను. పదిదినము లుండెను. అప్పటికి వానికి పదునైదేండ్లు, గొంతు మారినది. నేను ప్రొద్దున పత్రములు దిద్దుటకు పోయి సాయంకాలము అలసి వచ్చెడివాడను. వాడు మూడుసార్లు అడిగెను. మూడుసార్లును రేపనియే చెప్పితిని. నాలుగవసారి అడుగలేదు. అది నా తప్పు. తరువాత వాడు ఇంటరుమీడియేటు చదువునకు హాస్టలులో చేరెను. ఆ చదువులలో సెలవు లెట్టివో తెలుగు తలిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు. ఇప్పుడు మద్రాసున ఇంజనీరింగు చదువుచున్నాడు. మద్రాసనిన చెన్నై యని దిద్దువాడును వాడే.

ఇన్నేండ్లకు నేను ఆ లోకమునకు మరలి పోయితిని. మొట్టమొదట తెలిసినది నా యజ్ఞానము. వ్రేళ్ళు దారి మరచినవి. ఎగురబోయి దిగితిని, దిగబోయి తుపాకి పేల్చితిని. మూటనిండ వస్తువులున్నవి. ఎంతో శ్రమపడి కూర్చినవియే. ఇవి యెందులకు కూర్చితినో ఒక్కటియు జ్ఞాపకము రాలేదు. వృద్ధులు చనిపోయిన యింట పెట్టె తెరచినప్పుడు, తాళము లేని చెవులు, మూత లేని భరిణెలు దొరకును గదా. ఆ పెట్టె నాదే, ఆ వృద్ధుడను నేనే. ఆకాశము రంగు మారినది. నీళ్ళలో అలలు లేచుచున్నవి, మునుపు లేవు. కాని నౌక మాత్రము, నేను రేపని చెప్పిన యా వేసవిలో ఎక్కడ నిలిచెనో అక్కడనే, ఒక్క ధూళిరేణువైనను అంటకుండ నిలిచియున్నది.

గుడిసె క్రిందికి దిగితిని. గుహ లేదు. మట్టితో పూర్తిగ నిండిపోయినది. మనము చేసిన త్రవ్వకములను ఆ యంత్రము కొంతమేరకే జ్ఞాపకముంచుకొనుననియు, ఆ మేర దాటినచో పాత త్రవ్వకములు బీజములో నున్నట్లే మరల పూడిపోవుననియు తరువాత తెలిసికొంటిని. వరండాలో నేనెరుగని రెండు కుర్చీలు వేసియున్నవి. వాని నడుమ ఒక సందేశస్తంభము. ఆ యాటలో దారిన పోవువారు ఒకటి రెండు మాటలు వ్రాసి విడుచుటకు అట్టి స్తంభములు కలవు. దానిమీద ఇంగ్లీషు అక్షరములతో తెలుగుమాటలు ఇట్లు వ్రాసియున్నవి: "మామా, నేనొక్కడినే పోలేదు. నువ్వొచ్చినాక పోదాం."

నేను కంప్యూటరు ఆపి బయటికి వచ్చితిని.

మా బడిలో నాకు మిత్రుడైన సైన్సు ఉపాధ్యాయునితో ఈ సంగతి చెప్పగా ఆయన నన్ను ఓదార్చలేదు, కోపపడెను. ఆయన వాదము వినదగినది. "శ్రీహరికోట మన జిల్లాలోనే యున్నది. 2022లో జిల్లాలు విభజించినప్పుడు అది తిరుపతికి చేరినది. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 దింపిన విక్రముడు చంద్రునిమీద పడి నాశమాయెను. ఆ శాస్త్రజ్ఞులు నాలుగేండ్లు తప్పు వెదకి, దిద్ది, 2023 జులై 14న మరల ప్రయోగించి, ఆగష్టు 23న దింపిరి. అది మరలి పోవుట యనగా. నీవు లేని గ్రహమునకు పోయి లేని గుడిసె చూచి కన్నీరు పెట్టుకొనుచున్నావు. ఆటలో నష్టము లేదు. నష్టము లేనిచోట బాకి యెక్కడిది?"

చంద్రయానమునుగూర్చి ఆయన చెప్పినది నేను శిరసావహించుచున్నాను. ప్రయోగమునకు ముందు ఆ శాస్త్రజ్ఞులు రాకెట్టు నమూనాను కొండకు తెచ్చి స్వామి సన్నిధి నుంచుట మా యూరివారు పలుమారు చూచినదే. దానిని ఆక్షేపించువారు కలరు. నాకు మాత్రము ఆ చిన్న బొమ్మను చూచినపుడెల్ల, ఎంత లెక్క చూచుకొన్నను తమ చేతిలో లేనిది కొంత కలదని యొప్పుకొను వినయమే కనబడును. ఇది యట్లుండనిండు. మిత్రుని వాదములో నేనొప్పుకొననిది చివరి మాట. బాకి పడినది గ్రహమునకు కాదు. గ్రహము బీజసంఖ్య; దానికి నేను పోయినను పోకున్నను ఒక్కటే. బాకి పడినది పదునొకండేండ్ల బాలునకు. వాడు మాత్రము బీజసంఖ్య కాడు. మాట యే వస్తువునుగూర్చి యిచ్చితిమనునది బాకికి ముఖ్యము కాదు. తీర్థయాత్రకు తీసికొనిపోదునన్నను, మామిడిపండు తెత్తునన్నను, ఎదురుచూచువాని యెదురుచూపు ఒక్కటే.

పైగా ఆటలో నష్టము లేదనుటయే నాకు భయముగనున్నది. వీడియో గేములు పిల్లలకు హింస నేర్పుననియు, సోమరితనము నేర్పుననియు సభలలో చెప్పుదురు. ఈ యాటలో హింస స్వల్పము. సోమరి యిందులో నొక్క గడియ బ్రతుకలేడు. దీనిలోని దోషము వేరొకటి. ఇది మనకొరకు కాచికొనియుండును. అయిదేండ్లు పోయినను నౌక గట్టుమీదనే, కుర్చీలు వరండాలోనే. కాచికొనియుండు లోకమునకు అలవాటుపడినవాడు, కాచికొనియుండని లోకములోను రేపు, రేపు అనుచుండును. చంద్రుని పగలు మన లెక్కకు పదునాలుగు దినములు. ఎండతో నడచు ఆ యంత్రము ప్రొద్దు పొడిచినప్పుడే దిగవలెను, లేకున్న ఆ మేరకు పని తగ్గిపోవును. బాలుడును అంతే.

కొండక్రింద నివసించు మాకు ఈ జబ్బు మునుపే కలదు. దేశములన్నిటినుండి జనము వచ్చి గంటలకొలది క్యూలలో నిలిచి స్వామిని చూచి పోవుచుందురు. తిరుపతిలో పుట్టినవాడు మాత్రము, కొండ యెక్కడికి పోవును, వచ్చేవారము చూతమని యేండ్లు గడుపును. నా తల్లి చివరి మూడేండ్లు కిటికీలోనుండి ఆ గట్లను చూచుచు, ఒక్కసారి తీసికొనిపొమ్మనుచు నుండెడిది. దానినిగూర్చి ఇంతకుమించి వ్రాయలేను.

ఆలస్యమైన మాటనుగూర్చి మా యూరి విశ్వాసము ఒకటి కలదు. స్వామి పద్మావతీదేవిని పెండ్లాడుటకు కుబేరునియొద్ద అప్పు చేసెననియు, కలియుగాంతమువరకు వడ్డియే కట్టుచుండుననియు కథ. ఆయనను వడ్డికాసులవాడని జనము పిలుచును. తాను వడ్డి కట్టువాడు గనుక తన మ్రొక్కులును వడ్డితోనే పుచ్చుకొనునని నమ్మకము. మూడవయేట తీయవలసిన పుట్టువెండ్రుకలు అయిదవయేట తీయించినచో హుండీలో కొంత యెక్కువ వేయుదురు. ఇంగ్లీషు చదివిన యౌవనములో నేనీ నమ్మకమును చూచి నవ్వినవాడనే. దేవుని వడ్డివ్యాపారిని చేసిరని సంస్కరణోపన్యాసములు చేసితిని. ఇప్పుడు అందులో ఒక న్యాయము కనబడుచున్నది. ఆలస్యమునకు వెల కలదని ఆ నమ్మకము ఒప్పుకొనుచున్నది. అసలు మాత్రము చెల్లించి, చెల్లించితినిగదా యని చేతులు దులుపుకొనుటను అది యొప్పుకొనదు. గిల్డుఫర్డువారు చేసినదియు ఇదియే గదా; చెప్పినదానికంటె ఎక్కువ యిచ్చిరి, అడుగకయే యిచ్చిరి, ఏండ్లతరబడి యిచ్చుచునే వచ్చిరి. వారికి కుబేరుని కథ తెలియకపోవచ్చును.

కాని మ్రొక్కులో నొక సౌలభ్యము కలదు. పుచ్చుకొనువానికి వయస్సు లేదు. మూడవయేటి వెండ్రుకలును అయిదవయేటి వెండ్రుకలును ఆయనకు సమానము. మనుష్యుడు పుచ్చుకొనువాడైనప్పుడు ఈ లెక్క పనిచేయదు. పదునొకండేండ్లవానికి ఇయ్యవలసినదానిని పదునెనిమిదేండ్లవానికి ఇచ్చినచో, వడ్డి యెంత కలిపినను, ఇచ్చినది వేరొకనికి. మొదటివాడు పోయినాడు. ఎవ్వరును ఏడ్వరు గాని, పిల్లలు పెరుగుటలో అట్టి పోవుట యొకటి కలదు.

ఈ చిక్కులో నాకు తోచిన దృష్టాంతము కొండమీదనే యున్నది. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకులమీద చెక్కింపబడి, శ్రీవారి యాలయములోని సంకీర్తన భండారమను చిన్న యఱలో భద్రపరుపబడినవి. ఆయన పరమపదించినది 1503లో. ఇరువదవ శతాబ్దములో ఆ రేకులు మరల వెలుగుచూచి, పండితుల చేతికి వచ్చి, అచ్చయినవి. చదువగా మాట మాటకు నిలిచియున్నది. ప్రతిపాటకును రాగము పేరు చెక్కియున్నది. ఆ రాగమున దాని నెట్లు పాడిరో, ఆ నడక మాత్రము రేకులమీద లేదు. అది గొంతులలో నుండెను, గొంతులతో పోయినది. అప్పుడు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారివంటి విద్వాంసులు పెక్కుపాటలకు క్రొత్తగా స్వరము కట్టిరి. నేడు మనము వినునది అన్నమయ్య మాటయే, అన్నమయ్య పాట కాదు. అయినను అది అబద్ధమని యెవ్వడును అనడు. ఇది పాత బాణీయేయని ఎవరైన చెప్పినచో అప్పుడది అబద్ధము.

నా మాటయు అట్టిదే కావలెననుకొంటిని. అక్షరము నిలిచియున్నది, సందేశస్తంభముమీదనే చూచితిని గదా. బాణీ పోయినది. దానిని క్రొత్తగా కట్టవలెను, కట్టుచున్నానని ఒప్పుకొని కట్టవలెను. ఆ రాత్రి మద్రాసుకు ఫోను చేసితిని.

"ఒరే, మన శేషాచలం చూసినానురా."

కొంతసేపు పలుకు లేదు. "ఏ శేషాచలం, మామా?" అనెను. తరువాత నవ్వి, "ఓ, అదా! ఇంకా ఉందా?" అనెను.

నేను స్తంభము సంగతి చెప్పలేదు.

వానికి ఇంజనీరింగు సీటు వచ్చినచో నడచి కొండెక్కి తల యిప్పింతునని మా చెల్లెలు మ్రొక్కుకొనియుండెను. ఆ మ్రొక్కును ఆలస్యమైనదే. సెలవులలో వాడు రాగానే ముగ్గురము అలిపిరివద్ద బయలుదేరితిమి. మూడువేల అయిదువందల యేబది మెట్లు. గాలిగోపురము వరకు వాడు ముందు, నేను వెనుక. మెట్టుమెట్టుకును పసుపు కుంకుమలు పెట్టుకొనుచు పోవు ఆడువారి వెనుక మా చెల్లెలు నిలిచిపోయినది. మోకాళ్ళ పర్వతమువద్ద నాకు రొప్పు వచ్చి కూలబడితిని. వాడు ప్రక్కన కూర్చుండి నీళ్ళు ఇచ్చెను. అక్కడ చెప్పితిని, రేపని మూడుసార్లు చెప్పినది నాకు జ్ఞాపకమున్నదనియు, అది పనివలన కాదు, అలక్ష్యమువలననే యనియు, స్తంభమును చదివితిననియు.

వాడు మెట్టువంక చూచుచు, "నాకు కోపమేం రాలేదు మామా. అప్పుడు కొంచెం వచ్చింది" అనెను. మరల, "ఇప్పుడు నాకా ఆట మీద అంత యిది లేదు. అయినా నడిమికి పోతే ఏముందో తెలుసునా? ఏమీ లేదంట. పోతూనే ఇంకో మండలంలో పడేస్తుందంట, సామానంతా చెడిపోయి. మళ్ళా మొదట్నుంచి బాగు చేసుకోవాల. మా హాస్టల్లో ఒకడు పోయొచ్చినాడు."

"మరి పోదామా, వద్దా?"

"నువ్వు పోయిరా. ఎట్లుందో చెప్పు."

వాడు ఈ మాటతో నా ఋణమును విడిచెనా, లేక ఇక రావని తెలిసినదానికి వదలివేసెనా, నేను నిర్ణయింపలేకున్నాను. ఋణదాత విడిచినచో ఋణము తీరునని ధర్మశాస్త్రము చదివినవాడు చెప్పవచ్చును. విడిచినవాడు ఇచ్చినవాడేనా యని నేను మునుపే సందేహించితిని గదా. పైన కల్యాణకట్టలో వాని తల నున్నగ గొరిగిరి. అంతలో ఒక క్షణము, ఆ పదునొకండేండ్లవాని ముఖమే కనబడినది. తువాలు చుట్టుకొనగానే పోయినది.

మరునాడు మద్రాసు బస్సునకు గంటసేపు వ్యవధి యున్నది. వాడు పడమటి గదిలోనికి పోయి, అడుగకయే కంప్యూటరు తెరచెను. నేను రెండవ కుర్చీ తెచ్చి వేసికొంటిని. వాని వ్రేళ్ళును దారి మరచినవి. రెండుసార్లు గట్టుమీదనుండి పడెను, ఇద్దరమును నవ్వితిమి. గుడిసె క్రిందికి దిగి, మట్టి చూచి, "అయ్యో, అంతా పూడిపోయిందే" అనెను. నడిబొడ్డు మాట యెత్తలేదు. త్రవ్వు పనిముట్టు నా చేతికిచ్చి, "ఇది నీ పనే గదా, తియ్యి" అనెను. బస్సు వేళకు గుహలో సగము వరకు మట్టి తీయగలిగితిమి. తక్కిన సగము అట్లే యున్నది. నౌకయు గట్టుమీదనే యున్నది.